ఫొటో తెల్లబోతే సిస్టం ఫార్మాట్ కొట్టాలా?

పరకాలలో స్టూడియో నడుపుతున్న మా చిన్నమ్మ కొడుకు మొన్న పెండ్లిళ్ల రద్దీలో పొద్దున ఏడింటికే ఫోన్ చేశాడు. "అన్నా, ఫొటో తెరుస్తె మొత్తం బూడిద రంగే కనవడుతున్నది. చిన్న బొమ్మలు వరుసగ ఉన్నప్పుడు మంచిగనే ఉంటున్నయ్. ఎడిట్ చేద్దామని ఒకటి నొక్కితె ఏం లేదు. నడుమ నడుమ బిగుసుకపోతున్నది కూడ." అప్పటికే సిస్టంలు బాగుచేసే పిలగాడు వచ్చి చూసిపోయాడట. విండోస్ పాడైంది, మధ్యాహ్నం వచ్చి ఫార్మాట్ కొడతానన్నాడట. "కొట్టమందునా అన్నా?"

"నేనొచ్చేదాక ఏదీ ముట్టుకోకు తమ్మీ" అన్నాను. హనుమకొండ నుంచి పరకాల బండి మీద గంట దారి కూడా కాదు.

అంత గాబరాగా ఎందుకు ఆపానో ముందు చెప్పాలి. లైట్‌రూమ్ క్లాసిక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మనం ఫొటో సరిచేసినప్పుడు అసలు ఫొటో ఇసుమంత కూడా మారదు. వెలుగు ఇంత పెంచాం, పక్కలు ఇంత కోశాం, మొహం మీద నీడ ఇంత తీశాం అన్న లెక్కలన్నీ క్యాటలాగ్ అనే వేరే ఫైల్లో రాసుకుంటుంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం అనుకోండి. సరుకు గోదాములో ఉంటుంది, లెక్క పుస్తకంలో ఉంటుంది. మనవాళ్లు ఫొటోలు డి డ్రైవ్‌లో వేసుకుంటారు సరే, ఆ పుస్తకం మాత్రం మనం మార్చకపోతే సి డ్రైవ్‌లో పిక్చర్స్ ఫోల్డర్‌లోనే పడి ఉంటుంది. ఫార్మాట్ కొట్టేవాళ్లు "డి డ్రైవ్‌కు ఏం కాదు సార్" అంటారు. నిజమే, ఫొటోలకు ఏం కాదు. నెలల తరబడి కూర్చొని చేసిన పని మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ వేయడం దీనికంటే నయమే గానీ, చాలాసార్లు దండగ. పాత సెట్టింగులు మన యూజర్ ఫోల్డర్‌లో అలాగే మిగిలిపోతాయి. కొత్తగా వేసిన సాఫ్ట్‌వేర్ పోయి వాటినే చదువుకుంటుంది, రోగం మళ్లీ మొదటికే వస్తుంది. ఆ సెట్టింగులనే మొదటి స్థితికి తేవాలంటే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటున్నప్పుడు ఫొటోషాప్‌కైతే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ, లైట్‌రూమ్ క్లాసిక్‌కైతే ఆల్ట్, షిఫ్ట్ పట్టుకోవాలి. అడిగినప్పుడు అవునంటే చాలు. పది సెకన్ల పని.

ఫొటో ఎక్కడ ఆగింది?

"ఖాళీగా వస్తోంది" అనేది ఒక్క జబ్బు పేరు కాదు. రైలు వరంగల్‌కు రాలేదంటే సికింద్రాబాద్‌లోనే కదల్లేదా, ఘట్‌కేసర్ దగ్గర నిలిచిందా, కాజీపేట దాకా వచ్చి సిగ్నల్ కోసం ఆగిందా అని అడుగుతాం కదా, ఇక్కడా అంతే. ఫొటో డిస్కులోంచి బయల్దేరుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని విప్పుతుంది. విప్పింది ర్యామ్‌లో పరుచుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు దాన్ని తెర మీదికి గీస్తుంది. గీసేముందు మానిటర్‌కు తగ్గట్టు రంగులు సరిచూస్తారు. ఈ దారిలో ఎక్కడ తెగినా మన కంటికి కనిపించేది ఒకటే, ఖాళీ. అందుకే ఏ స్టేషన్‌లో ఆగిందో తెలియకుండా చేసే వైద్యం గుడ్డి వైద్యమే.

మొదటి స్టేషన్ ఫైలు. పై సగం ఫొటో, కింది సగం బూడిద రంగు పట్టీ ఉంటే ఇక సాఫ్ట్‌వేర్‌ను తిట్టకండి. కాపీ అవుతుండగా కెమెరా మెమరీ కార్డు లాగేశారు, లేదా కార్డు రీడరే సగంలో చెయ్యిచ్చింది. జేపెగ్ పైనుంచి కిందికి వరుసగా రాసుకునే ఫైలు, తెగిన చోటి దాకే కనిపిస్తుంది. ఇంకో రకం మరీ మాయదారిది. కాపీ నడుమ కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. మళ్లీ ఆన్ చేసి చూస్తే ఫైలు పేరు ఉంటుంది, సైజు కూడా సరిగ్గా 25 ఎంబీ చూపిస్తుంది, లోపల మాత్రం అన్నీ సున్నాలే. పేరు, సైజు రాసే చిట్టా ముందే డిస్కుకెక్కి, అసలు సరుకు ఎక్కకముందే దీపం ఆరిపోయిందన్నమాట. అలాంటప్పుడు కార్డును కెమెరాలో పెట్టి చూడండి. అందులో కనిపిస్తే బతికిపోయినట్టే. కార్డులో కూడా లేకపోతే దానిమీద ఇంకొక్క ఫొటో తీయకుండా పక్కన పెట్టి, ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతకాలి. పుస్తె కట్టే ఘడియ మళ్లీ రాదు గనుక, రెండు చోట్లకు కాపీ చేసి తెరిచి చూసుకునేదాకా కార్డు ఖాళీ చేయొద్దన్నది నా పట్టు. దీని గురించి కుర్రాళ్లతో ఎన్నిసార్లు గొడవ పడ్డానో.

"చిన్నగున్నప్పుడు మంచిగనే ఉన్నది, పెద్దగ చేస్తె లేదు" అనే ఫిర్యాదుకు కారణం సులువు. రా ఫైలు అంటే కెమెరా సెన్సర్ పట్టినదాన్ని పట్టినట్టే దాచే ఫైలు. కెమెరా ప్రతి రా ఫైలు లోపలా ఒక చిన్న జేపెగ్ బొమ్మను దాచిపెడుతుంది. ఫోల్డర్‌లో మనం చూసేది ఆ బొమ్మనే. అది కనిపించినంత మాత్రాన అసలు ఫొటో బాగున్నట్టు కాదు, పాడైనట్టూ కాదు. కొత్త కెమెరా కొని పాత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇది బాగా ఎదురవుతుంది. కానన్ 2018లో ఈఓఎస్ ఎం50తో సీఆర్3 అనే కొత్త రకం ఫైలు తెచ్చింది. అంతకుముందటి సాఫ్ట్‌వేర్‌కు అది అర్థంకాని భాష. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పాత కాపీనే ఏళ్ల తరబడి వాడుతూ, అప్‌డేట్ కొడితే ఎక్కడ ఆగిపోతుందోనని భయపడే స్టూడియోలు మనవైపు తక్కువేం లేవు. అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో ఆ ఫైళ్లను డీఎన్‌జీ అనే అడోబీ రా రూపంలోకి మార్చుకుంటే పాత సాఫ్ట్‌వేర్ కూడా తెరుస్తుంది. పెండ్లి వాళ్లు ఐఫోన్‌లో తీసి పంపే హీక్ ఫొటోలదీ ఇదే కథ. 2017 నుంచి ఐఫోన్ ఆ రూపంలోనే దాచుకుంటోంది, విండోస్‌లో దాన్ని విప్పే ఎక్స్‌టెన్షన్ లేకపోతే తెరుచుకోదు.

బిగుసుకుపోవడం వెనుక లెక్క

ఇప్పుడు రెండో రోగం. ఇది చాలావరకు లెక్కల వ్యవహారం.

24 మెగాపిక్సెల్ ఫొటో అంటే 6000 అడ్డం, 4000 నిలువు. మొత్తం 2.4 కోట్ల చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలు, ఒక్కో అంకెకు ఒక బైటు. డిస్కు మీద 10 ఎంబీ కనిపించే జేపెగ్, తెరిచేసరికి ర్యామ్‌లో 72 ఎంబీ అవుతుంది. ఒక్కో అంకెకు రెండు బైట్లు పట్టే 16 బిట్‌లో తెరిస్తే 144. మడిచి పెట్టెలో పెట్టిన పట్టుచీర ఇంతే ఉంటుంది, ఆరేస్తే దండెం మొత్తం పడుతుంది.

ఇక మన ఆల్బమ్ షీటు సంగతి చూడండి. 12×36 అంగుళాలు, 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు. లెక్కేస్తే 3600 బై 10800, దగ్గర దగ్గర 3.9 కోట్ల చుక్కలు. షీటు నిండా పరుచుకున్న ఒక్క లేయర్‌కే, అంటే ఒక్క పొరకే, 116 ఎంబీ. మనవాళ్లు కొనుక్కునే రెడీమేడ్ పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) టెంప్లేట్లు ఉంటాయే, పువ్వులు, మెరుపులు, పొగ, బంగారు దుమ్ము వేసినవి, వాటిలో లేయర్లు 30కి తగ్గవు. అన్నీ షీటు నిండా ఉండవు గానీ, పది ఉన్నా ఒక జీబీ దాటింది. దానికి తోడు మనం కంట్రోల్ జడ్ కొట్టి వెనక్కి పోవడానికి ఫొటోషాప్ 50 అడుగుల దాకా గుర్తు పెట్టుకుంటుంది. మారిన భాగాలన్నీ ఎక్కడో దాచాలి కదా. ఎదుర్కోళ్లు, తలంబ్రాలు, అప్పగింతలు అని మూడు షీట్లు ఒకేసారి తెరిచి, పక్కన క్రోమ్‌లో పాటలు పెట్టుకుంటే 8 జీబీ ర్యామ్ ఎక్కడ సరిపోతుంది?

ర్యామ్ నిండితే ఫొటోషాప్ చేతులెత్తేయదు. మిగిలింది డిస్కు మీద రాసుకుంటుంది. దాన్నే స్క్రాచ్ డిస్క్ అంటారు. ఇంట్లో చుట్టాలకు చోటు చాలకపోతే వాకిట్లో టెంటు వేసినట్టు. టెంటు వేయడానికి వాకిలి ఖాళీగా ఉండాలి కదా. సి డ్రైవ్‌లో మూడు జీబీ మిగిలిన సిస్టంలో వాకిలే లేదు. పైగా అదే సి డ్రైవ్ మీద విండోస్ కూడా, ర్యామ్ చాలనప్పుడు తాను వాడుకునే పేజ్ ఫైలు కోసం చోటు వెతుక్కుంటుంది. ఆ డ్రైవ్ పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే సెకనుకు వందో నూట యాభయ్యో ఎంబీ, అదీ వరుసగా చదివితేనే. అక్కడింత ఇక్కడింత తెమ్మంటే అందులో పదోవంతు కూడా రాదు. బాణం గుర్తు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

ఒక విషయం చాలామందికి తెలియదు. ఒక సాఫ్ట్‌వేర్ 5 సెకన్ల పాటు మౌస్‌కు, కీబోర్డుకు పలక్కపోతే విండోస్ దాని కిటికీ మీద తన సొంత నకలు కిటికీ ఒకటి కప్పుతుంది. నాట్ రెస్పాండింగ్ అని రాసి, మెల్లగా తెల్లగా చేసేది విండోసే. అంటే ఆ తెలుపు ఫొటోది కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. లోపల సాఫ్ట్‌వేర్ బుద్ధిగా 1.5 జీబీ షీటును సేవ్ చేస్తూ ఉండొచ్చు. మనం ఓపిక పట్టలేక ఎండ్ టాస్క్ కొడితే సగం రాసిన ఫైలు సగంలోనే ఉండిపోతుంది. బాగున్న ఫైలును మన చేతులతో మనమే చంపినట్టు.

కాబట్టి బిగుసుకుపోగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ నూటికి నూరు దగ్గర నిలబడి సీపీయూ ఖాళీగా ఉంటే పని జరుగుతోంది, డిస్కు కోసం ఆగింది. చాయ్ తాగి రండి. మెమరీ 95 దాటితే చోటు చాలడం లేదు. సీపీయూ, డిస్క్, మెమరీ మూడూ నిమ్మకు నీరెత్తినట్టు ఉండి, పది నిమిషాలైనా కదలిక లేకపోతే అప్పుడు నిజంగానే ఆగిపోయింది, అప్పుడు ముగించండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మీది ఫొటోలను నేరుగా ఎడిట్ చేసేవాళ్లు దాన్ని ఏ పోర్టులో పెట్టారో కూడా చూసుకోవాలి. పాత యూఎస్‌బీ 2.0 కాగితం మీదే సెకనుకు 60 ఎంబీ, చేతికొచ్చేది ఇంకా తక్కువ. 25 ఎంబీ రా ఫైళ్లు మూడు వేలు అంటే 75 జీబీ, ఆ సందులోంచి దూరాలి.

మందు ఖరీదైనదేం కాదు. తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, ఎస్‌ఎస్‌డీ, ఒకటి బిగించి, ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్‌గా దాన్ని ఎంచుకోవాలి. ర్యామ్ 16 జీబీ చేసుకోగలిగితే మంచిది. సాఫ్ట్‌వేర్‌కు ర్యామ్ నూటికి నూరు రాసిచ్చే పిచ్చిపని మాత్రం చేయొద్దు, విండోస్‌కు ఊపిరాడదు. అన్నట్టు, మన డీటీపీ అలవాటు ఇంకొకటుంది. అను ఫాంట్లు మొదలుకొని దొరికిన ప్రతి ఫాంటునూ వేల లెక్కన సిస్టంలో వేసుకోవడం. టైప్ టూల్ ముట్టుకోగానే బిగుసుకుపోయేది దానివల్లే. ఫాంట్ ప్రివ్యూ ఆపేసి, శుభలేఖకు వాడే పదో పదిహేనో ఉంచి మిగతావి ఫోల్డర్‌లో దాచుకోండి.

వైశాఖంలో ఇంకో బాధ తోడవుతుంది. రామగుండం ఎండ సంగతి అందరికీ తెలిసిందే, వరంగల్‌లోనూ రేకుల కింద నడిచే స్టూడియోలు ఎన్ని లేవు. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటే ప్రాసెసర్ వేడికి తన వేగం తానే తగ్గించుకుంటుంది. పొద్దున చురుగ్గా ఉండి మధ్యాహ్నం మూడింటికి నత్తనడక పట్టే సిస్టంకు వైరస్ అని పేరు పెట్టకముందు మూత తీసి దుమ్ము ఊదండి.

తెర మీదికొచ్చి ఆగినప్పుడు

గ్రాఫిక్స్ కార్డు తనకిచ్చిన పని 2 సెకన్లలో తేల్చకపోతే విండోస్ దాన్ని ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. తెర ఒక్కసారి నల్లబడి వెనక్కి వస్తుంది. ఆ దెబ్బకు సాఫ్ట్‌వేర్ గీస్తున్న బొమ్మ ఎగిరిపోయి ఖాళీ చట్రం మిగులుతుంది. పరీక్షించడం తేలిక. ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర గ్రాఫిక్స్ ప్రాసెసర్ వాడకం ఆపేసి, సాఫ్ట్‌వేర్ మూసి తెరవండి. ఫొటో కనిపిస్తే దొంగ దొరికాడు, కార్డు తయారుచేసిన కంపెనీ సైటు నుంచి డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) తెచ్చి వేసి, మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. తెర మొత్తం గడ్డకట్టినప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే డ్రైవర్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది. ఒక్కోసారి సేవ్ చేయని పని దాంతో దక్కుతుంది.

నేను పరకాల చేరేసరికి తమ్ముడు గడపలోనే నిలబడి ఉన్నాడు. సి డ్రైవ్ తెరిచి ముందు క్యాటలాగ్ ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. పక్కనే లాక్ అన్న పేరుతో ఒక ఫైలు ఉంది. సాఫ్ట్‌వేర్ అర్ధాంతరంగా చచ్చినప్పుడు మిగిలే ఫైలు అది, సాఫ్ట్‌వేర్ మూసి ఉన్నప్పుడు తీసేసినా నష్టం లేదు. జర్నల్ అనో వాల్ అనో పేరున్నవి మాత్రం ముట్టకూడదు, క్యాటలాగ్‌లోకి ఇంకా ఎక్కని లెక్కలు అందులో ఉంటాయి.

తర్వాత ఒక రా ఫైలు నా ల్యాప్‌టాప్‌లో తెరిచాను. పెండ్లికూతురు నవ్వుతూ కనిపించింది. ఫైలు పదిలం. తమ్ముడి సిస్టంలో గ్రాఫిక్స్ వాడకం ఆపి చూశాను, బూడిదే. అప్పుడు ఆ బూడిదనే ఎక్స్‌పోర్ట్ కొట్టాను.

"ఏం లేనిదాన్ని ఏం ఎక్స్‌పోర్ట్ చేస్తవే?" అన్నాడు.

జేపెగ్ బయటికొచ్చింది. తెరిస్తే ఫొటో నిండుగా ఉంది, వాడు చేసిన దిద్దుబాట్లతో సహా. ఈ ఒక్క పరీక్ష గుర్తుంచుకోండి. ఖాళీగా కనిపించే ఫొటో ఎక్స్‌పోర్ట్‌లో బాగా వస్తే ఫైలు, విప్పడం, ర్యామ్ అన్నీ సవ్యంగా ఉన్నట్టే. తెగింది చివరి స్టేషన్‌లో.

"ఈ మానిటర్ ఎప్పటిది?" అని అడిగాను. నాలుగు రోజుల కింద వరంగల్ చౌరస్తాలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. కొత్త మానిటర్ తగిలించగానే విండోస్ ఒక్కోసారి దాని కంపెనీ ఇచ్చిన రంగుల ప్రొఫైల్‌ను, అంటే ఆ మానిటర్ రంగులను ఎలా చూపిస్తుందో చెప్పే ఫైలును, తనంతట తానే పెట్టుకుంటుంది. ఆ ప్రొఫైల్ తప్పుడుదైతే మామూలు కిటికీలకు ఏ ఇబ్బందీ ఉండదు, సినిమాలు ఆడతాయి, క్రోమ్ తెరుచుకుంటుంది. రంగులను పట్టిపట్టి చూసే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రమే దాన్ని అడిగి, పిచ్చి సమాధానం రాగానే చేతులు కట్టుకు కూర్చుంటుంది. ఎక్స్‌పోర్ట్‌కు మానిటర్‌తో పని లేదు గనుక అది సాఫీగా సాగింది.

విండోస్ సెర్చ్‌లో కలర్ మేనేజ్‌మెంట్ అని కొట్టి, డివైసెస్ కింద ఆ మానిటర్‌ను ఎంచుకుని, యూజ్ మై సెట్టింగ్స్ అన్న చోట టిక్ పెట్టి, యాడ్ నొక్కి, అన్ని మానిటర్లకూ పనికొచ్చే మామూలు ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీ ఐఈసీ61966-2.1ను చేర్చి, దాన్నే డిఫాల్ట్ చేశాను. సాఫ్ట్‌వేర్ మూసి తెరిస్తే పసుపు నీళ్లలో తడిసిన మొహం తెర నిండా వచ్చింది. రంగులు కచ్చితంగా కావాలంటే తర్వాత తెర రంగులను కొలిచే కాలిబ్రేటర్ పెట్టి ఆ మానిటర్‌కు సొంత ప్రొఫైల్ తయారు చేసుకోవాలి. అప్పటిదాకా ఎస్‌ఆర్‌జీబీతో పని నడుస్తుంది.

బిగుసుకుపోవడం మాత్రం దీనివల్ల కాదు. అది వేరే రోగం, రెండూ ఒకే వారంలో కలిసొచ్చాయంతే. సి డ్రైవ్‌లో 2.8 జీబీ మిగిలింది. డౌన్‌లోడ్స్‌లో పాత టెంప్లేట్ల జిప్ ఫైళ్లు, వాట్సాప్‌లో వచ్చిన బరాత్ వీడియోలు 40 జీబీ తేలాయి.

మధ్యాహ్నం ఆ పిలగాడు పెన్‌డ్రైవ్‌లో విండోస్ వేసుకొని రానే వచ్చాడు. తమ్ముడు అతన్ని కూర్చోబెట్టి చాయ్ తాగించి, ఫార్మాట్ వద్దుగానీ ఒక ఎస్‌ఎస్‌డీ తెచ్చి బిగించిపొమ్మన్నాడు.